దవనానికి ఒడి నింపిన అవ్వ

దవనం కనిపిస్తే నలపకుండా ఉండలేని జబ్బొకటి నాకుంది. కడపలో మా వీధి మొదట్లో పూలమ్మే ఆమెకు ఈ సంగతి బాగా తెలుసు. నన్ను చూడగానే దవనం కట్టను తడిగుడ్డ కిందికి తోసేస్తుంది.

"కొనేది మూరెడు పూలు, నలిపేది కట్టెడు దవనం. ఇంట్లో ఆమెకు పూలు తీసకపోను వస్తాండావా, నీ చేతులకు సెంటు పూసుకోను వస్తాండావా సారూ?" అంటుంది.

ఊరికే నలిపి పారేస్తే ఆమెకు అంత కోపం రాదేమో. నేను ఆకును మణికట్టు మీద రుద్దుకుని, కళ్లు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు వాసన చూస్తాను. యాభై దాటిన మనిషి బజారులో నిలబడి అంకెలు చదువుతుంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ నాకు నేర్పిన మనిషి అలాగే నేర్పింది. "మొదట వచ్చేది పసరు వాసనప్పా. దానికి ఆత్రం ఎక్కువ. పది లెక్కబెట్టినాంక వచ్చేదే దవనం" అనేది.

పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం అలా లెక్కపెడుతూ ఏడు దగ్గర ఉండగా ఫోను మోగింది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి, ఆ మనిషి కోడలు.

"సారూ, మా అత్త పోయింది. మూడు దినాలాయె. నీ నంబరు గోడ మీద బొగ్గుతో రాసింటిమి. దసరాకు సున్నం కొట్టినాం కదా, కనపడకపాయ. ఈపొద్దు గోకి చూస్తే దొరికింది."

"ఎట్ల పోయిందమ్మా?" అన్నాను.

"ఎట్ల పోతాది, ఎవరికీ చెప్పకుండ పోయింది. పొద్దున్నే మరువానికి నీళ్లు పోసి, గోడకు ఆనుకోని కూసునింది. అంతే. పదకొండో దినానికి నువ్వు రావల్ల సారూ. నీతో పనుండాది."

మిగిలిన మూడు అంకెలు ఆ రోజు లెక్కపెట్టలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకోదు. పేరు కాగితం మీదికెక్కితే వెనకాలే ఎవరో ఒకరు వేలిముద్ర అడగడానికి వస్తారని ఆమె గట్టి నమ్మకం. ఊరంతా అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వా అన్నాను. మొదటిసారి అలా పిలిచినప్పుడు నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "నీ నెత్తే సగం తెల్లగుండాది, నీకు నేను అవ్వనా? అట్లైతే నాకు నూరు దాటినట్లే. ఇంగ పని మాని పండుకుంటా పో" అంది. అప్పటికి ఆమెకు డెబ్బై ఉండవచ్చు. పని మాత్రం మానలేదు.

ముక్కుతో బతికిన మనిషి ఆమె. బస్సులో టికెట్టు చేతికిస్తే వాసన చూసేది. నేను కొత్త చొక్కా వేసుకుపోతే దగ్గరికొచ్చి ఒకసారి గాలి పీల్చి, "పెట్టెలో కలరా ఉండలు ఎక్కువైనాయి" అని చెప్పి తన పనికి పోయేది. వాన ఏ ఊరి మీద పడుతున్నదో గాలిని బట్టి చెప్పేది. పదిసార్లు చెబితే ఆరుసార్లు తప్పేది. తప్పినప్పుడు నేను నవ్వితే, "ఆడ పడాల్సిన వానే. వాళ్లు నిలబెట్టుకోల్యా" అని ఆ ఊరివాళ్ల మీదికి తోసేది.

దేన్నీ బాగుందని మెచ్చుకునేది కాదు. పైరు కళకళలాడుతుంటే "బతకనీ" అనేది. వంట కుదిరితే "తినొచ్చు" అనేది. నన్ను గురించి ఒకసారి కోడలితో "మంచోడే, మాటలు కాస్త తగ్గితే" అనడం విన్నాను. ఆ మాటను నేను చాలా రోజులు సర్టిఫికెట్టులా మోశాను.

ఇంకో మాట ఆమె నోట్లో ఎప్పుడూ ఉండేది: "ఊరికే పంపగూడదు." ఆ ఇంటి గడప దిగి వట్టి చేతులతో పోయినవాళ్లు లేరు. నాలుగు చెనిక్కాయలు, ఒక సొరకాయ, అదీ లేకపోతే గుప్పెడు ఉప్పు. కరెంటు రీడింగు తీయడానికి వచ్చిన మనిషి కూడా చిక్కుడుకాయలు పట్టుకుపోవడం నేను చూశాను. ఆయన మొహంలో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

నేను ఆ ఊరికి ఎందుకు పోయానో చెప్పాలి. మూడేళ్ల కిందట ఒక అత్తరు కంపెనీ ఆ ప్రాంతంలో దవనం పండించి నూనె తీయించాలని వచ్చింది. దండల్లో గుచ్చే దవనమే. పూత మీద కోసి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్ల మీద చిక్కటి నూనె తేలుతుంది. నేను ఆ కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజరును. అంతకు ముందు రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను, రెండూ నా నోటి వల్లే. కంపెనీ నాకొక పెట్టె నిండా ప్యాకెట్లు ఇచ్చి పంపింది. వాటిలో మైకోరైజా అనే మేలు చేసే బూజు ఉంటుంది. అది మొక్క వేరులోకి చేరి, వెంట్రుక కంటే సన్నని పోగులను మట్టిలోకి చాచి, వేరు అందుకోలేని చోటు నుంచి నీళ్లు, భాస్వరం తెచ్చిపెడుతుంది. బదులుగా మొక్క ఆకులో వండుకున్న చక్కెరలో కొంత దానికిస్తుంది. ఇద్దరికీ లాభం. మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆకుల మీది సన్నని నూగులో నూనె కూడా బాగా ఊరుతుంది.

ఇదంతా అవ్వకు ఆమె వసారాలో కూర్చుని గంటసేపు చెప్పాను. ఆమె మరువం ఏరుకుంటూ విన్నది.

"అంటే, వేరు కూసున్న కాడికి నీళ్లు మోసుకొస్తాదన్నమాట."

"అవునవ్వా."

"కోడలు మాదిరి."

లోపల రొట్టెలు తడుతున్న కోడలి చెయ్యి ఆగింది. "సారూ, మొక్క దానికి చక్కెర ఇస్తాదంటివి కదా? నీళ్లు నేను పద్నాలుగేండ్లుగా మోస్తాండా. చక్కెర ఎప్పుడిస్తాదో మా అత్తను అడుగు."

"అడిగినోళ్లకు ఇయ్యరంట. సారు చెప్పల్యా?" అంది అవ్వ తల ఎత్తకుండా.

నేను ఆ మాట చెప్పనే లేదు. కానీ అత్తాకోడళ్ల మధ్య సైన్సుకు చోటుండదని ఆ రోజే తెలుసుకున్నాను.

నూనె సంగతి ఆమెకు వెంటనే బోధపడింది. "కడుపు నిండినోళ్లే కదప్పా వాసన నూనెలు పూసుకునేది. మొక్కైనా అంతే" అంది. అంత పొట్టిగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

పందెం వసారాలోనే మొదలైంది. కంపెనీ ఆమె ఎర్రచేనులో ఒక ఎకరా తీసుకుని, చుట్టుపక్కల రైతులు చూసి నేర్చుకునేలా చూపుడు పంట వేయాలనుకున్నది. సగం నా పద్ధతిలో వేస్తే మిగతా సగం తన పద్ధతిలో వేస్తానని ఆమె పట్టుబట్టింది. బెంగళూరు నుంచి వచ్చిన పెద్ద సారు నవ్వి ఒప్పుకున్నాడు. ఏ సగం బాగా వస్తే వచ్చే ఏడు చుట్టుపక్కల ఊళ్లకంతా ఆ పద్ధతిలోనే నారు పోయిస్తామన్నాడు. అవ్వది గెలిస్తే నారు పోసే పని వాళ్లింటికే.

ఆ పని ఆమెకెందుకు కావాలో ఊళ్లో అందరికీ తెలుసు. వానలు సరిగా లేని ఏడు ఆ పల్లెల్లో జనం సుగ్గికి పోతారు. అంటే ఇంటికి తాళం వేసుకుని, గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి వెళ్లి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. ఆమె కొడుకూ కోడలూ ఆరేళ్లుగా పోతున్నారు. "ఒగ చలికాలం నా కోడలు నా ఇంట్లో ఉండల్ల. దాంతో కొట్లాడను కూడ మనిషి ల్యాకపాయ నాకు" అనేది అవ్వ. అంతకు మించి ఆశ ఏదీ ఆమె నాకు చెప్పలేదు.

నా సగానికి నారుమడి నేను చేశాను. పదిహేను రోజులకు మొలకలు మొదళ్లు కుళ్లి ఒరిగిపోవడం మొదలుపెట్టాయి. పుస్తకంలో ఉన్నట్టే సోమవారం నాడు తెగులు మందు కలిపి మడి తడిసేలా పోశాను. మంగళవారం ప్యాకెట్లు చింపి బూజు పొడి చల్లుతుంటే ఆమె గట్టు మీద వచ్చి నిలబడింది.

"నిన్న పోసినావు, అదేం మందప్పా?"

"బూజును చంపే మందవ్వా."

"ఈపొద్దు ఏస్తాండేది?"

"బూజు. మంచి బూజు. అది వేరే, ఇది వేరే."

ఆమె కాసేపు మడిని చూసింది. "మందుకు తెలుసునా ఆ సంగతి?" అంది.

నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క మాట కూడా ఆ ప్రశ్నకు జవాబు కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. మందు ఏ బూజునైనా చంపుతుంది. నా ప్యాకెట్లను నేనే చంపుకున్నాను. ఒప్పుకుని మళ్లీ మడి చేసుకుంటే సరిపోయేది. ఒప్పుకోవడం నా ఒంటికి పడని పని.

ఆమె పద్ధతి చూసి నేను మొదట నవ్వాను. పెరట్లో ఒక మూల ఆమెకు తులసి, మరువం, దవనం పెంచే జాగా ఉంది. ఎన్నేళ్లుగానో తెలియదు. అక్కడ ఏ మందూ పడనివ్వదు. వానాకాలంలో అక్కడ పూలమొక్కలు పలచబడితే జొన్నలు చల్లేది. నేల ఉత్తగా ఉండకూడదట, వేరు లేని మన్ను నిద్రపోతుందట. నాటే రోజున ఆ మూల నుంచి మట్టి, జొన్న వేర్ల తునకలతో సహా, తవ్వి గంపలకొద్దీ తెచ్చింది. చేలో ప్రతి గుంతలోనూ గుప్పెడు ఆ మట్టి పోసి, ఆ తర్వాతే నారు పెట్టింది.

"ఇదేందవ్వా?"

"ఒడి నింపుతాండా. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు కొంగులో ఒడిబియ్యం పొయ్యమా? ఈ పిల్లలూ పుట్టినింటి నుంచి పోతాండారు. ఊరికే పంపగూడదు."

నలభై మంది కూలీల ముందు నేను పగలబడి నవ్వాను. ఆమెకు కోపం రాలేదు. "నవ్వుకో. నీ పిల్లల ఒడిలో నువ్వు మడిలోనే విషం పోసింటివి" అని తరువాతి గుంతకు పోయింది. ఈసారి కూలీలు నవ్వారు.

నెల తిరిగాక నాకు నవ్వు రాలేదు. ఆమె సగంలో దవనం గుబురు కట్టింది. నా సగంలో మొక్కలు ఆసుపత్రిలో వరస కట్టినట్టున్నాయి. ఆలూరులో నేనున్న గదిలో చిన్న మైక్రోస్కోపు ఉండేది. రెండు వైపుల వేర్లు తెచ్చి, ఉడకబెట్టి, వెనిగర్లో సిరా కలిపి నానబెట్టి చూశాను. మైకోరైజా ఉంటే నీలంగా కనిపిస్తుంది. నా వేర్లు కడిగిన గాజు గొట్టాల్లా ఖాళీగా ఉన్నాయి. ఆమె వేర్ల నిండా నీలం పోగులు, వాటి మధ్య చెట్ల కొమ్మల్లాగా చీలికలు. ప్యాకెట్లలో బూజును పెంచేది కూడా జొన్న వేర్ల మీదనే అన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏ పుస్తకమూ చదవని మనిషి పెరటి మూలలో అదే పని చేస్తూ వచ్చింది.

ఆమెను గదికి పిలుచుకొచ్చి చూపించాను. ఒంటికన్ను పెట్టి చాలాసేపు చూసింది.

"నా పాత చీర పోగుల మాదిరి ఉండాయి," అంది. "బతకనీ."

పూత మీద ఒక్కొక్క గంప కోసి, చిన్న బట్టీలో విడివిడిగా నూనె తీసి చూశాను. ఆమె సగం నూనె ఎక్కువ వచ్చింది, చిక్కగా, పండిన పండు వాసనతో. రెండు సీసాలూ వాసన చూడమంటే ఆమె మణికట్టు మీద రాసుకుని పది లెక్కపెట్టింది. నా సీసా దగ్గర ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆమెకు అలవాటు లేని మర్యాద.

ఎల్లుండి పెద్ద సారు వస్తాడు, అందరి ముందూ రెండు సగాలూ కోసి నూనె తీస్తారు. ఆ పొద్దు వసారాలో కూర్చుని నేను ఆమెతో నా బాధంతా చెప్పుకున్నాను. ప్యాకెట్లు పనిచేయలేదంటే ఎందుకని అడుగుతారు, తెగులు మందు సంగతి బయటికొస్తుంది, మూడో ఉద్యోగమూ పోతుంది. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారవ్వా" అన్నాను. ఆమె రొట్టె మీద ఇంకొంచెం కారం వేసి, "తిను, చల్లారుతాది" అంది.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయిన వేళ, నేను బోర్డులు మార్చాను.

రెండు రేకు బోర్డులు. ఒకదాని మీద కంపెనీ పద్ధతి అని, రెండోదాని మీద రైతు పద్ధతి అని రాసి, గుంజలకు కొట్టి ఉన్నాయి. పెరికి, ఇటుది అటు, అటుది ఇటు నాటాను; ఒకటి పాత గుంతలో నిలవకపోతే పక్కన కొత్త గుంత తీశాను. అది పావుగంట పని. చదువు రాని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పెద్ద సారు వచ్చాడు. షామియానా వేశారు, ముప్పై మంది రైతులొచ్చారు. సుగ్గికి ఇంకా బయలుదేరని కోడలు ఇంటి దగ్గర అందరికీ వంట చేస్తున్నది, కొడుకు బట్టీకి కట్టెలు అందిస్తున్నాడు. ఎవరూ బోర్డుల వైపు చూసి మాట్లాడలేదు. ఆకు కోశారు, ఆవిరి పట్టారు, నూనె తేలింది. కంపెనీ బోర్డున్న సగానిదే ఎక్కువ. పెద్ద సారు నా భుజం తట్టాడు. రైతులు చప్పట్లు కొట్టారు.

అవ్వ ఆ సేపంతా చేను మూల గట్టు పక్కన నిలబడి ఉంది. ఎండలో, కదలకుండా. పెద్ద సారు ఆమె దగ్గరికి పోయి, "ఏమ్మా, మా మందు చూసినావా?" అన్నాడు.

"చూసినా సామీ. బతకనీ" అంది. అడుగు మాత్రం కదపలేదు.

అందరూ భోజనాలకు పోయాక, "ఏమవ్వా, బొమ్మ మాదిరి నిలబడితివి?" అని నేను నవ్వాను. నవ్వగలిగాను, చూడండి.

"కాలు తిమ్మిరెక్కిందిలేప్పా. నువ్వు పో, బువ్వ తిను" అంది.

మరుసటి ఏడు నారు పని వాళ్లింటికి రాలేదు. నా పద్ధతిలో, నా మందుతో, నా ప్యాకెట్లతో చుట్టుపక్కల ఊళ్లకు నారు పోయించాను. ఈసారి తెగులు మందు ఆపితే బాగుండేది, కానీ గెలిచిన పద్ధతిని మార్చమని చెబితే ఎందుకని అడుగుతారు. దవనం ఎక్కడా నిలబడలేదు. ఈ నేల దవనానికి పనికిరాదని రాసుకుని కంపెనీ వెళ్లిపోయింది. నా ఉద్యోగమూ పోయింది. తప్పు నాది, చెడ్డపేరు ఆ ఎర్రనేలకు వచ్చింది.

ఆ చలికాలం కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు. నేను ఒకసారి ఆమెను చూడటానికి పోయాను. చెప్పేయాలనే పోయాను. దారి పొడవునా బస్సులో మాటలు పేర్చుకున్నాను. ఆమె జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. "అవ్వా, ఆ పొద్దు చేలో..." అని మొదలుపెట్టాను.

"రొట్టె తినేటప్పుడు మాట్లాడితే పొలమారుతాది. గమ్మున తిను" అంది.

తిన్నాక పెరట్లోకి తీసుకుపోయి మరువం చూపించింది. వాన ఎక్కడ పడుతున్నదో చెప్పింది, తప్పు చెప్పింది. బస్సు వేళయింది. చేతిలో దవనం కట్ట పెట్టింది. ఆమె చెప్పనివ్వలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటుతోనే రెండేళ్లు గడిపాను.

పదకొండో రోజున పోయాను. ఇంటి ముందు పందిరి, భోజనాలకు ఊరివాళ్లు, పక్క పల్లెల రైతులు. వాళ్లలో చాలామందికి నేను నారు ఇచ్చినవాణ్ణే. కోడలు నన్ను పెరట్లోకి పిలిచింది. ఆ మూల మరువం, తులసి అలాగే ఉన్నాయి. పక్కనే కొత్తగా ఎత్తు చేసిన నారుమళ్లు.

"అమ్మా, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు చేలో బోర్డులు..."

"తెలుసు సారూ."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తారు, మా అత్తే. నువ్వు బోర్డు పీకి అటు నాటినావు. పాత గుంజ గుంత పూడ్చకుండ పోయినావు. పెద్ద సారు ఆడికే వస్తాండాడని మా అత్త పోయి దాని మీద కాలు పెట్టి నిలబడింది. ఆయప్ప పోయేదాక తియ్యల్యా. ఆ రాత్రి కాలు ఉబ్బితే నేనే కాపడం పెట్టినా."

నేను మరువం వైపు తిరిగాను.

"నేను నెల దినాలు అత్తతో పలకల్యా. మన పని పోగొట్టి ఈ కడప సారును కాపాడ్తివే, నీకేమన్న పిచ్చా అని అడిగినా. ఏమనిందో తెలుసునా? మనం సుగ్గికి పోతే మిరపకాయలు కోసుకోని వస్తాం, ఆయప్ప పోతే మిరపకాయలే ఆయప్పను కోస్తాయి, నోటి పని తప్ప ఏమీ రాదు పాపం, అనె."

ఏడుపు వస్తున్నప్పుడు నవ్వు రావడం ఎంత అవమానమో ఆ పెరట్లో తెలిసింది. "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"ఆ మాట నన్నడగాకు సారూ. నేను మా అత్తంత దాన్ని ఇంగా కాల్యా." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను ఈ ఏడు సుగ్గికి పోను. నారు పోస్తాండా. మా అత్త మన్నుతో. పూల అంగళ్లోళ్లు ఆకు అడుగుతాండారు. కానీ ఈ రైతులు నారు తీసుకోరు. ఈ నేలలో దవనం రాదని నువ్వే కదా నమ్మిస్తివి. పో, బయట అందరూ ఉండారు. ఆ పొద్దు గెలిచిండేది ఎవరి సగమో చెప్పు. నీతో పనంటే అదే."

పందిరి కిందికి వచ్చి నిలబడ్డాను. బోర్డులు మార్చానని, గెలిచింది అవ్వ సగమని, చెడింది నేల కాదు నా మందని చెప్పాను. మాటల మనిషినని పేరున్నా, ఆరేడు వాక్యాలకు మించలేదు. విస్తళ్ల ముందు చేతులు ఆగిపోయాయి.

ఒక ముసలి రైతు విస్తరి మీద నుంచి తలెత్తాడు. "మూడేండ్లు పట్టెనా సారూ నీకు? దవనమే నాలుగు నెల్లకు వస్తాది."

ఎవరో నవ్వారు. ఇంకొకాయన నవ్వలేదు. "నా చేనులో రెండెకరాలు పోయింది," అని నన్ను చూడకుండా అన్నాడు. ఆయనే లేచి, చెయ్యి కడుక్కుని, కోడలి దగ్గరికి పోయి, "నాకు ఒగ మడి నారు పెట్టమ్మా" అన్నాడు.

బయలుదేరేటప్పుడు కోడలు నన్ను ఆపింది. "తువ్వాల పట్టు సారూ."

"ఎందుకమ్మా?"

"పట్టు. నీకు కొంగు ల్యాకపాయ కదా."

రెండు చేతులతో తువ్వాలు చాచి పట్టుకున్నాను. ఆమె పెరటి మూల మట్టి, వేర్ల తునకలతో సహా, మూడు దోసిళ్లు పోసింది. పైన కాగితంలో చుట్టిన చిటికెడు దవనం గింజలు పెట్టింది.

"కడప సారు వస్తే ఊరికే పంపగూడదని మా అత్త ఎప్పుడో చెప్పి పెట్టిండె. ఇది ఆమె మాట. మన్ను పోసింది నేను, ఆమె కోసం పోసినా, నీ కోసం కాదు." మూట కట్టి ఇస్తూ చివరికి కొంచెం నవ్వింది. "ఇంగోటి గూడ చెప్పిండె. బోర్డు మాత్రం పెట్టొద్దనె."

ఇప్పుడు మాఘం. మా మిద్దె మీద రెండు కుండీలున్నాయి. ఒకదానిలో వట్టి ఎర్రమట్టి, రెండోదానిలో అదే మట్టితో పాటు ఆమె పెరటి మన్ను. రెండింటిలోనూ అవే గింజలు. ఏ కుండీ మీదా ఏమీ రాయలేదు.

నిన్న సాయంత్రం మా ఆవిడ బట్టలు తీయడానికి మిద్దె మీదికి వచ్చి, ఆ రెండింటిలో ఒక కుండీ దగ్గర తనంత తానే ఆగింది. "దీంట్లో ఏమేసినావు?" అని అడిగి, నేను చెప్పేలోపలే ఒక రెమ్మ తుంచి, నలిపి, ముక్కు దగ్గరికి తీసుకోబోయింది.

చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ఆకును ఆమె మణికట్టు మీద రుద్దాను.

"పది లెక్కపెట్టు" అన్నాను.